కొవ్వు కరిగించే గుళికలు వేసుకున్నా కదలని పరుగు సమయం: ఒక కేస్ స్టడీ

దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు మా క్లినిక్‌కు వచ్చేటప్పుడు సంచిలో తెచ్చే మూలికా గుళికల సీసాలు ఏటేటా పెరుగుతున్నాయి. అవి పనిచేస్తాయా, చేయవా అన్న ప్రశ్నకు పరిశోధనల్లో చాలావరకు జవాబు దొరుకుతుంది. అయితే ఆ గుళికల చాటున ఏ జబ్బు దాగి ఉందో మాత్రం ఎదురుగా ఉన్న మనిషిని పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఈ కేసు రాయడానికి కారణం అదే. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. పరీక్షల అంకెలు, నిర్ణయాల క్రమం మాత్రం ఉన్నవే. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. నేను క్రీడా పోషకాహార నిపుణురాలిని. ఇందులో మందులకు సంబంధించిన నిర్ణయాలన్నీ నాతో కలిసి పనిచేసే ఫిజీషియన్ తీసుకున్నవి.

నేపథ్యం

ఆమెకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ పూర్తి చేసి, హాస్టల్లో ఉంటూ కానిస్టేబుల్ ఉద్యోగానికి శిక్షణ తీసుకుంటోంది. 1600 మీటర్ల పరుగులో ఆమె లక్ష్యం 10 నిమిషాల 30 సెకన్లు. మా దగ్గరకు వచ్చేనాటికి పరీక్షకు దాదాపు నాలుగు నెలల గడువుంది. పరుగు 11 నిమిషాల 40 సెకన్ల దగ్గర నిలిచిపోయింది. రెండు నెలలుగా ఉదయం, సాయంత్రం పరిగెత్తుతున్నా అందులో మార్పు లేదు.

ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. రెండు నెలల క్రితం 57 కిలోలు ఉండేది. ఆ బరువు కూడా ఎక్కువేమీ కాదు. కానీ బరువు తగ్గితే పరుగు దానంతటదే పెరుగుతుందని తోటివారు చెప్పారు. సప్లిమెంట్ల దుకాణంలో కొవ్వు కరిగించే గుళికలు, వాటితో పాటు స్టామినా కోసమంటూ అశ్వగంధ గుళికలు ఇచ్చారు. రెండింటికీ కలిపి నెలకు ఆమె పెట్టే ఖర్చు హాస్టల్ మెస్ బిల్లులో సగానికి పైనే. ఇంటి నుంచి వచ్చే డబ్బు సరిపోక ఆమె కోత పెట్టింది గుడ్లు, పాలు, పండ్ల మీద. నన్ను అన్నిటికంటే బాధపెట్టిన వివరం ఇదే.

సమస్య

ఆమె చెప్పిన ఫిర్యాదులు నాలుగు: గుండె దడ, రాత్రి నిద్ర పట్టకపోవడం, పరుగు చివరి చుట్టులో కాళ్లు బరువెక్కి ఊపిరి అందకపోవడం, నెలసరి ఆలస్యం కావడం. అంతకుముందు నెలసరి సమయానికే వచ్చేది కానీ రక్తస్రావం ఎక్కువగా ఉండేది. మేము విడిగా అడిగితే ఇంకొక విషయం బయటపడింది. రాత్రిళ్లు పచ్చి బియ్యం నమలాలనిపిస్తోందట. చిన్న అలవాటే కదా అని ఎవరికీ చెప్పలేదు.

విశ్రాంతిగా కూర్చున్నప్పుడు నాడి నిమిషానికి 98, రక్తపోటు 136/86. ఆ వయసులో, రోజూ పరిగెత్తే మనిషిలో ఈ రెండూ ఉండాల్సిన అంకెలు కావు.

ఆమె వాదన సూటిగా ఉంది. "గుళిక వేసుకున్న రోజు పరుగెత్తాలన్న ఊపు వస్తుంది మేడం. మొదటి నెలలోనే రెండు కిలోలు తగ్గాను. పైగా మూలికలే కదా, నష్టం ఏముంటుంది?" ఈ మూడు మాటల్లో మొదటి రెండూ నిజాలే. ఊపు వచ్చిన మాట, బరువు తగ్గిన మాట కాదనలేము. వాటికి కారణం ఏమిటన్నదే తేల్చుకోవాలి. అందుకే అక్కడ వాదనకు దిగకుండా సీసాల మీద ఉన్నది ఇద్దరం కలిసి చదివాం.

సీసాలో ఏముంది

కొవ్వు కరిగించే గుళికలో గ్రీన్ టీ సారం, గార్సీనియా, గ్వారానా, చేదు నారింజ, మిరియాల సారం ఉన్నాయి. అన్నీ కలిపి ఎన్ని మిల్లీగ్రాములో రాశారు తప్ప విడివిడిగా ఏది ఎంతో లేదు. మిశ్రమం తమ సొంత సూత్రమని తయారీదారులు సీసా మీద రాశారు. మోతాదు తెలియని దాని గురించి ఏ అధ్యయనాన్నీ సాక్ష్యంగా చూపలేం, ఎందుకంటే అధ్యయనాలన్నీ ఒక నిర్దిష్ట మోతాదుతో చేసినవే.

గ్వారానా గింజల్లో కెఫీన్ శాతం కాఫీ గింజల కంటే ఎక్కువ. ఆమె చెప్పే ఊపు అక్కడిదే. కెఫీన్ వల్ల వ్యాయామ సామర్థ్యం పెరుగుతుందన్నది క్రీడా శాస్త్రంలో బాగా రుజువైన విషయాల్లో ఒకటి. శరీర బరువులో కిలోకు 3 నుంచి 6 మిల్లీగ్రాములు తీసుకుంటే ఓర్పుతో చేసే పనిలో కొద్ది శాతం మెరుగుదల కనిపిస్తుంది, శ్రమ తక్కువగా అనిపిస్తుంది. ఆ మేలుకు మూలికా మిశ్రమం అక్కర్లేదు, కాఫీ చాలు.

చేదు నారింజలో ఉండే సినెఫ్రిన్, నిర్మాణంలో ఎఫెడ్రా అనే మూలికలోని ఉత్తేజక పదార్థం ఎఫెడ్రిన్‌కు దగ్గరి బంధువు. గుండె, రక్తపోటు ప్రమాదాల కారణంగా అమెరికా 2004లో ఎఫెడ్రా సప్లిమెంట్లను నిషేధించాక, ఆ ఖాళీలోకి ఎక్కువగా వచ్చి చేరింది ఇదే. కెఫీన్‌తో కలిసినప్పుడు నాడిని, రక్తపోటును పెంచగలదు. ఆమె అంకెలు చూశాక దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

గార్సీనియా అంటే కేరళలో చేపల పులుసులో వేసే కొడంపులి జాతి. దాని మీద బాగా జరిగిన అధ్యయనాల్లో ఒకటి 1998లో వచ్చింది. 135 మంది అధిక బరువున్నవారికి 12 వారాల పాటు ఇచ్చారు. ఉత్తుత్తి గుళికలు తీసుకున్నవారి కంటే బరువులో గానీ కొవ్వులో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

గ్రీన్ టీ సంగతి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే ప్రకటనల్లో కనిపించే 'కొవ్వు కరుగుతుంది' అన్న మాటకు మూలం అక్కడుంది. 2008లో ఇంగ్లండులో పన్నెండు మంది పురుషులకు గ్రీన్ టీ సారం ఇచ్చి అరగంట సైకిల్ తొక్కించారు. ఆ అరగంటలో శరీరం ఇంధనంగా వాడిన కొవ్వు 17 శాతం పెరిగింది. ఫలితం నిజమే. కానీ అరగంటలో కొవ్వు ఎక్కువ వాడితే, మిగతా రోజులో శరీరం పిండిపదార్థం వైపు మొగ్గి ఆ లెక్క సరిచేసుకోగలదు. శరీరంలో నిల్వ ఉన్న కొవ్వు తగ్గాలంటే రోజులు, వారాల మీద తిన్నదాని కంటే ఖర్చు ఎక్కువ కావాలి. అందుకే 2012లో కోక్రేన్ సంస్థ గ్రీన్ టీ అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు, బరువులో వచ్చిన తేడా వైద్యపరంగా లెక్కలోకి రానంత చిన్నదని తేలింది.

మరి ఆమె బరువు ఎందుకు తగ్గింది? ఒక రోజు తిండి మొత్తం రాయమన్నాను. తెల్లవారుజామున టీ, గుళిక, పరుగు. తొమ్మిదికి రెండు ఇడ్లీలు, మళ్లీ టీ. మధ్యాహ్నం గుళిక, సగం అన్నం, సాంబారు. సాయంత్రం పరుగు తర్వాత టీ. రాత్రి ఒక చపాతీ. నా లెక్కకు 1200 కిలో కేలరీలకు అటూ ఇటూ. కెఫీన్ ఆకలిని కొంత అణుస్తుంది, మిగతాది ఆమె పట్టుదల. బరువు తగ్గించింది ఆకలి. తగ్గినదాంట్లో కండ ఎంతో చెప్పే పరికరం మా దగ్గర లేదు గానీ, తొడ చుట్టుకొలత బాగా తగ్గిందన్నది ఆమె చెప్పిన సంగతే.

మొదట ప్రయత్నించినది

దడ, రక్తపోటు చూశాక రక్త పరీక్షల ఫలితాలు వచ్చేలోపే కొవ్వు గుళికలు ఆపమన్నాం. ఇందులో ఇంకొక అనుమానం కూడా ఉంది. ఇలాంటి గుళికల్లో సీసా మీద రాయని మందులు దొరికిన దాఖలాలు ప్రపంచమంతటా ఉన్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007 నుంచి 2016 వరకు గుర్తించిన 776 కల్తీ సప్లిమెంట్లలో దాదాపు 41 శాతం బరువు తగ్గించేవే. వాటిలో ఎక్కువగా కనిపించింది సిబుట్రమిన్. గుండెకు ప్రమాదమని మన దేశంలో 2011లో నిషేధించిన మందు అది. దాని లక్షణాలు కూడా దడ, రక్తపోటు, ఆకలి చచ్చిపోవడమే. గుళికను పరీక్ష చేయించే ఏర్పాటు మాకు లేదు. తేల్చుకోలేనప్పుడు ఆపడమే సురక్షితం.

అశ్వగంధను ఆ వారానికి అలాగే ఉంచాం. రెండూ ఒకేసారి ఆపితే మార్పు దేనివల్ల వచ్చిందో తెలియదన్నది ఒక కారణం. రెండోది, నమ్మకం పెట్టుకున్న రెండింటినీ మొదటి రోజే లాక్కుంటే ఆమె మళ్లీ రాదేమోనన్న ఆలోచన. అశ్వగంధకు కొంత ఆధారం ఉంది కూడా. 2015లో మన దేశంలో 57 మంది యువకుల మీద జరిగిన ఎనిమిది వారాల అధ్యయనంలో బరువులెత్తే శక్తి పెరిగింది. ఊపిరి సామర్థ్యం మీద కూడా కొన్ని చిన్న అధ్యయనాలు అనుకూలంగా వచ్చాయి. పాల్గొన్నవారు కొద్దిమందే కాబట్టి దీన్ని 'ఉండవచ్చు' అనే వరుసలోనే పెడతాను. మరోపక్క అశ్వగంధ వాడకంతో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వారం గడిచేలోపే ఈ సంగతి మాకు అవసరమైంది.

పనిచేయనివి

గుళికలు ఒక్కసారిగా ఆపడం నిలవలేదు. రెండో రోజుకు తలనొప్పి, మగత. పరుగు 12 నిమిషాలు దాటింది. "చూశారా మేడం, అవి లేకపోతే నేను పరిగెత్తలేను" అని ఫోను చేసింది. మళ్లీ వేసుకోవడం మొదలుపెట్టింది. రోజూ కెఫీన్ తీసుకునే మనిషి హఠాత్తుగా మానేస్తే ఇలాగే అవుతుంది, కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. కానీ గడియారంతో పోటీ పడుతున్న అమ్మాయికి ఆ కొన్ని రోజులే గుళిక గొప్పతనానికి రుజువుగా తోచాయి. ఈ ఉత్పత్తులు మనుషులను వదలకపోవడానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం. మానేసినప్పుడు వచ్చే ఇబ్బందే వాటి బలంలా కనిపిస్తుంది.

ఆ వారంలోనే ఫలితాలు వచ్చాయి. హిమోగ్లోబిన్ 9.6 గ్రాములు, ఎర్రకణాల పరిమాణం తక్కువ, శరీరంలో ఇనుము నిల్వను చెప్పే ఫెర్రిటిన్ 6. థైరాయిడ్ సరిగా ఉంది, ఈసీజీ సరిగా ఉంది, గర్భం లేదు. కాలేయ ఎంజైము ఏఎల్‌టీ 88, ఉండాల్సిన దానికి రెట్టింపు. హెపటైటిస్ పరీక్షలు నెగటివ్.

ఇది ఇనుము లోపంతో వచ్చిన రక్తహీనత. పచ్చి బియ్యం తినాలనిపించడం ఆ లోపానికి ఒక గుర్తు. చివరి చుట్టులో అందని ఊపిరి, వేగంగా కొట్టుకునే నాడి కూడా ఒక్కసారిగా అర్థమయ్యాయి. కండరాలకు ప్రాణవాయువు మోసేది హిమోగ్లోబిన్. అది తక్కువున్నప్పుడు గుండె ఎక్కువసార్లు కొట్టుకుని ఆ లోటు పూడ్చాలని చూస్తుంది. దాని మీద కెఫీన్ లాంటి ఉత్తేజకం పోస్తే నాడి పెరుగుతుంది, మోసే ప్రాణవాయువు పెరగదు. ఉత్సాహం ఉన్నా పరుగు కదలకపోవడానికి కారణం అదే.

ఇందులో మరొక ముడి ఉంది. టీలో, గ్రీన్ టీ సారంలో ఉండే పాలీఫినాల్స్ మొక్కల ఆహారంలోని ఇనుమును పట్టుకుని పేగులోకి పీల్చుకోనివ్వవు. ఆమె తినే కొద్దిపాటి ఇనుము దాదాపు పూర్తిగా మొక్కల నుంచే వస్తోంది. దాని మీద రోజుకు రెండు గుళికలు, మూడు టీలు. రక్తహీనతకు మూల కారణం గుళికలే అనను. అధిక రక్తస్రావం, తక్కువ తిండి ముందునుంచీ ఉన్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అయితే స్టామినా కోసం కొన్న వస్తువు స్టామినాకు అసలు కావలసిన పోషకాన్ని అడ్డుకునే వీలుందన్నది ఆమెకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఏఎల్‌టీ అంకెతో నిర్ణయం మారిపోయింది. అప్పటిదాకా గుళికలను మెల్లగా తగ్గిద్దామా అన్న ఆలోచన ఉండేది. గ్రీన్ టీ సారం, గార్సీనియా రెండింటికీ కాలేయాన్ని గాయపరిచిన చరిత్ర ఉంది. గ్రీన్ టీలోని ప్రధాన పాలీఫినాల్ సప్లిమెంట్ రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. మామూలుగా మరిగించి తాగే గ్రీన్ టీకి ఈ హెచ్చరిక వర్తించదు. ఇక తగ్గించడం లేదు, రెండు సీసాలూ ఆ రోజే ఆపాలి. అశ్వగంధ కూడా. ఏది కారణమో విడదీసి తెలుసుకోవాలన్న కోరిక కంటే కాలేయం ముఖ్యం.

రెండోది, ఇనుము మాత్రలు. మొదట రోజూ అల్పాహారంతో వేసుకోమన్నాం, కడుపులో తిప్పకుండా ఉంటుందని. అయినా వికారం, మలబద్ధకం వచ్చాయి. తిన్న వెంటనే టీ తాగే అలవాటు పోలేదు. రెండు వారాల తర్వాత సీసాలో మాత్రలు చాలావరకు అలాగే ఉన్నాయి.

పనిచేసినవి

తలనొప్పికి విరుగుడుగా గుళిక బదులు పరుగుకు ముందు ఒక కప్పు కాఫీ పెట్టాం. ఎంత పొడి, ఎన్ని పాలు అన్నది కొలిచి. రక్తపోటు రెండు రోజులకోసారి చూశాం. అది పెరిగితే కాఫీ కూడా ఆపేవాళ్లం, పెరగలేదు. ఈ చిన్న మార్పుతో ఆమె గుళికలు నిజంగా వదిలేసింది. ఊపు కావాలనుకునే మనిషికి ఊపునివ్వగలిగినదేదో, ఎంతో తెలిసిన రూపంలో ఇచ్చాం. నిద్ర కోసం మధ్యాహ్నం తర్వాత కెఫీన్ ఏదీ లేదు.

ఇనుము మాత్ర రోజు విడిచి రోజుకు మారింది. ఒక మోతాదు వేసుకున్నాక శరీరంలో హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి మరుసటి రోజు శోషణను తగ్గిస్తుంది. ఇనుము తక్కువున్న యువతుల్లో రోజు విడిచి రోజు ఇస్తే వేసుకున్న ప్రతి మాత్రలో ఎక్కువ భాగం శరీరానికి అందుతుందని 2017లో ప్రచురితమైన స్విట్జర్లాండ్ అధ్యయనం చూపింది. ఉదయం పరుగు ముగిసిన అరగంట లోపు, నిమ్మరసంతో మాత్ర. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రే. పరుగుకు ముందు తాగే కాఫీకి, మాత్రకు మధ్య కనీసం గంట తేడా, తర్వాత రెండు గంటల దాకా టీ లేదు. వికారం పోయింది.

తిండి విషయంలో నేను కొత్త పదార్థాలేవీ తేలేదు. గుళికలకు పోయే డబ్బును మెస్‌లోకి మళ్లించాం. రోజుకు రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు, పరుగు తర్వాత వేరుశనగ ఉండ, అరటిపండు, మధ్యాహ్నం అన్నం పూర్తిగా, పప్పులో తోటకూర, పక్కన నిమ్మ ముక్క, వారంలో రెండుసార్లు మాంసం లేదా చేప. మొదటి పది రోజులు ఆమె బరువు చూసుకుని భయపడింది. కిలో పెరిగింది. ఆ దశలో తూకం చూడటం మానేయమని, పరుగు నాడి మాత్రం రాయమని చెప్పాను.

నాడి రాయమనడం వెనుక ఒక ఉద్దేశం ఉంది. 1600 మీటర్లను 13 నిమిషాల్లో, అంటే తేలికైన ఒకే వేగంతో, వారానికోసారి పరిగెత్తి చివరలో నాడి చూసుకోవాలి. గుళికల రోజుల నమోదులు ఆమె చేతి గడియారంలో ఉన్నాయి. ఆ వేగానికి అప్పట్లో 180 దాటేది. ఆపిన మూడు వారాలకు 168. మూడు నెలలకు 151. చేతి గడియారం కచ్చితమైన పరికరం కాదు, కానీ ఇంత పెద్ద మార్పును అది తప్పుగా చూపదు. నేను చెప్పిన అధ్యయనాల కంటే తన సొంత అంకెలే ఆమెను ఒప్పించాయి.

శిక్షణలో కోచ్ సహకరించారు. మొదటి మూడు వారాలు గట్టి పరుగులు పూర్తిగా ఆపి నడక, తేలిక పరుగు మాత్రమే. హిమోగ్లోబిన్ 11 దాటాక వారానికి రెండుసార్లు 400 మీటర్ల చొప్పున వేగం పరుగులు, మిగతా రోజులు మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగం. అంతకుముందు ఆమె రోజుకు రెండు పూటలా శక్తికొద్దీ పరిగెత్తేది. అలసట తీరే సమయం శరీరానికి ఎప్పుడూ దొరకలేదు.

ఆరు వారాలకు ఏఎల్‌టీ 34కు దిగింది. మూడున్నర నెలలకు హిమోగ్లోబిన్ 12.2, ఫెర్రిటిన్ 24, రక్తపోటు 116/74. నెలసరి క్రమానికి వచ్చింది. 56 కిలోల బరువుతో, అంటే తేలికగా ఉన్నప్పటి కంటే రెండు కిలోలు ఎక్కువతో, 1600 మీటర్లు 9 నిమిషాల 52 సెకన్లలో పూర్తి చేసింది. పరీక్షలోనూ అర్హత సాధించింది.

ఈ కేసు నుంచి

పరుగు మెరుగుపడటంలో ఇనుము వాటా ఎంత, తిండిది ఎంత, శిక్షణ మార్పుది ఎంత అన్నది ఒక్క మనిషిని చూసి విడదీయలేం. అన్నీ దాదాపు ఒకేసారి మారాయి. కాలేయ ఎంజైము గుళికలు ఆపాక తగ్గింది కాబట్టి వాటి మీద బలమైన అనుమానం ఉంది, ఏ పదార్థం అన్నది మాత్రం తేలలేదు.

నా పద్ధతిలో వచ్చిన మార్పు ఇది. స్టామినా కోసం మూలికలు వాడుతున్న ఏ యువతి వచ్చినా, వాటి మీద చర్చకు ముందే హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ చూడమని ఫిజీషియన్‌ను కోరతాను. రెండు నెలలకు మించి వాడితే కాలేయ పరీక్ష కూడా. పచ్చి బియ్యం, సుద్ద, మట్టి తినాలనిపిస్తోందా అని అడుగుతాను, ఎందుకంటే తమంతట తాము చెప్పరు. సప్లిమెంట్‌కు, టీకి, ఇనుము మాత్రకు మధ్య సమయాలు రాయిస్తాను.

మూలికలన్నిటినీ ఒకే గాటన కట్టడం కూడా నాకు ఇష్టం లేదు. ఆమె హాస్టల్ స్నేహితురాళ్లు తర్వాత వచ్చి పల్లేరు గుళికల గురించి, బీట్‌రూట్ గురించి అడిగారు. పల్లేరు విషయంలో 2007లో ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాళ్లకు ఐదు వారాలు ఇచ్చి చూశారు, శక్తిలో తేడా లేదు, కాబట్టి వద్దన్నాను. బీట్‌రూట్‌లోని నైట్రేట్‌కు మాత్రం మంచి ఆధారం ఉంది. పరుగుకు రెండు, మూడు గంటల ముందు తాగే రసం కొన్ని నిమిషాల పాటు సాగే పరుగుల్లో స్వల్పంగా సాయపడగలదు. నోటిలోని బ్యాక్టీరియా నైట్రేట్‌ను శరీరం వాడుకోగల రూపంలోకి మార్చాలి కాబట్టి ఆ రోజు యాంటీసెప్టిక్ మౌత్‌వాష్ వాడకూడదు. రక్తం సరిగా ఉందని తేలాకే దాని సంగతి అన్నాను. వాళ్లలో ఇద్దరికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ వచ్చింది.

గుళికల వివరాలు, పరీక్షల ఫలితాలతో మా ఫిజీషియన్ జాతీయ ఔషధ దుష్ప్రభావాల పర్యవేక్షణ కార్యక్రమానికి నివేదిక పంపారు. సప్లిమెంట్ వాడాక దడ, కామెర్లు, ముదురు రంగు మూత్రం లాంటివి కనిపిస్తే ఎవరైనా 1800-180-3024 నంబరుకు చెప్పవచ్చు. సీసా పారేయకండి, బ్యాచ్ నంబరు కావాలి. ఆమె ఫెర్రిటిన్ ఇంకా నిండలేదు కాబట్టి మాత్రలు మరో మూడు నెలలు కొనసాగుతాయి. అధిక రక్తస్రావానికి స్త్రీల వైద్యురాలి దగ్గర చికిత్స మొదలైంది.